పౌర్ణమికొకటి, అమావాస్యకొకటి: ‘ఐ/ఓ’ ఆల్బమ్ మీద శ్రోతల తగువేంటి?

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. “మావయ్యా, నువ్వు చెప్పిన ఆల్బమ్ పెట్టాను. ఇందులో ప్రతి పాటా రెండుసార్లు ఉందేంటి? ఎక్కించినవాళ్లు పొరపాటు పడ్డారా?” అన్నాడు. చూస్తే అది ఇంగ్లండ్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ ‘ఐ/ఓ’. పాటలు పన్నెండే, వరుసలు మాత్రం ఇరవై నాలుగు. సగం వరుసల పక్కన బ్రైట్-సైడ్ మిక్స్ అని ఉంది, మిగతా సగం పక్కన డార్క్-సైడ్ మిక్స్ అని ఉంది.

పొరపాటేమీ లేదు, ఒకే పాటలో ధ్వనుల్ని రెండు రకాలుగా కూర్చి (మిక్స్ చేసి) కావాలనే అలా వదిలారు. 2023 డిసెంబర్ 1న వచ్చిన ఈ ఆల్బమ్ మీద శ్రోతల మాట ఇప్పటికీ కుదరకపోవడానికి ఒక కారణం అదే. ఒడిశాలోని బరంపురంలో మేం నలుగురైదుగురం ఆదివారం సాయంత్రాలు పాటలు పెట్టుకుని కూర్చుంటాం. అంత చిన్న గుంపులోనే ఒకరు దీన్ని గాబ్రియెల్ జీవితంలోకెల్లా గొప్ప పని అంటారు. ఇంకొకరికి నాలుగో పాటకే నిద్ర ముంచుకొస్తుంది. మొదట్లో రుచుల తేడా అనుకుని వదిలేశాను. నెమ్మదిగా ఆరా తీస్తే తేలింది ఏంటంటే, ఇద్దరూ విన్నది ఒకటి కాదు. ఒకరు విన్న మిక్స్ వేరు, ఇంకొకరు విన్న పెట్టె (స్పీకర్) వేరు, విన్న కాలం వేరు, పక్కన పెట్టుకుని కొలిచిన పాత ఆల్బమ్ వేరు. ఇవన్నీ విడదీశాక కూడా మిగిలే తగువు కొంత ఉంది. దాని సంగతి తర్వాత.

ఎవరీయన, ఇన్నేళ్లు ఏం చేశాడు

గాబ్రియెల్ 1950లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. జెనెసిస్ అనే బృందంలో ప్రధాన గాయకుడిగా పేరు తెచ్చుకుని 1975లో బయటికొచ్చేశాడు. ఆయన వదిలిన మైకు డ్రమ్ములు వాయించే ఫిల్ కాలిన్స్ చేతికి వెళ్లింది. 1977లో మొదటి సోలో ఆల్బమ్ వచ్చింది. దానికి పేరు పెట్టలేదు, అట్ట మీద ఆయన పేరే ఉంటుంది. తర్వాతి మూడింటికీ అంతే. నాలుగు ఆల్బమ్‌లు, నాలుగింటి పేరూ ‘పీటర్ గాబ్రియెల్’. శ్రోతల్ని తికమక పెట్టడం ఈయనకు కొత్త కాదని చెప్పడానికే ఇదంతా.

1986లో వచ్చిన ‘సో’తో ప్రపంచమంతా తెలిశాడు. ఈయన ఒక సినిమాకు చేసి 1989లో ఆల్బమ్‌గా తెచ్చిన సంగీతంలో నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతు ఉంది, మన కర్ణాటక సంగీతంలోంచి వెళ్లిన వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ వాయిద్యమూ ఉంది. కచేరీలు వినే ఇళ్లలో ఈయన పేరు తెలిసింది చాలావరకు ఆ దారినే.

తర్వాత వేగం తగ్గింది. 1992లో ఒకటి, 2002లో ఒకటి. 2010లో వేరేవాళ్ల పాటలు పాడి ఒక ఆల్బమ్, ఆ మరుసటి ఏడు తన పాత పాటల్నే ఆర్కెస్ట్రాతో మళ్లీ పాడి ఇంకొకటి చేశాడు. కొత్తగా రాసిన పాటలతో పూర్తి ఆల్బమ్ మాత్రం 2002 తర్వాత మళ్లీ 2023లోనే. మధ్యలో 21 ఏళ్లు. ఈ గ్యాప్‌లో పుట్టిన పిల్లలు డిగ్రీ చదువుతున్నారు. ఇరవై ఒక్క ఏళ్లు ఎదురుచూసినవాడూ, నిన్న రాత్రి యాప్ చూపిస్తే నొక్కినవాడూ ఒకే చెవితో వినరు కదా.

‘సోలో’ అంటే ఒంటరిగా అని కాదు

మన దగ్గర పాటంటే సినిమా పాటే. మాట ఒకరిది, బాణీ ఒకరిది, గొంతు ఇంకొకరిది. అందుకే ‘సింగర్-సాంగ్‌రైటర్’ అనగానే కొత్త సరుకులా వినిపిస్తుంది. నిజానికి ఆ పనికి మనకు ఏనాటి నుంచో పేరుంది: వాగ్గేయకారుడు. మాటా తనదే, బాణీ తనదే. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య ఆ కోవవాళ్లు. వాళ్ల గొంతులు మనకు దక్కలేదు, ఈయన గొంతు దక్కింది. తేడా అంతే.

ఇక ‘సోలో ఆల్బమ్’ అంటే అన్నీ ఒక్కడే వాయించాడని కాదు, బృందం పేరు మీద కాకుండా తన పేరు మీద తెచ్చాడని. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ 2020 లాక్‌డౌన్‌లో చేసిన ఆల్బమ్‌లో దాదాపు అన్ని వాయిద్యాలూ తనే వాయించుకున్నాడు. అది అరుదు. ‘ఐ/ఓ’ అలాంటిది కాదు. బేస్ గిటార్ టోనీ లెవిన్‌ది, గిటార్ డేవిడ్ రోడ్స్‌ది, డ్రమ్స్ మాను కాచేవి. ముగ్గురూ దశాబ్దాలుగా ఆయనతో ఉన్నవాళ్లే. ఇంగ్లిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో ఉన్నాడు, దక్షిణాఫ్రికాకు చెందిన సొవెటో గాస్పెల్ కోయిర్ బృందగానం ఉంది. “ఇంతమంది ఉంటే సోలో ఎలా అవుతుంది?” అని మా బావగారు అడిగారు. హరికథలో మృదంగం, వయొలిన్ ఉన్నంత మాత్రాన అది దాసుగారి కథ కాకుండా పోదు కదా అన్నాను. ఒప్పుకున్నారు.

మిక్స్ అంటే ఏంటి: ప్రహ్లాద నాటకంలో మైకుల లెక్క

అసలు చిక్కు ఇక్కడుంది. మా గుంపులో ఒకాయనకు మైక్ సెట్ వ్యాపారం. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఆడితే బాక్సులు, మిక్సరు ఆయనవే. ఇంగ్లిష్ రాదు, ఇంగ్లిష్ పాటల మీద ప్రత్యేకంగా మోజూ లేదు. కానీ మిక్స్ అంటే ఏంటో మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

ఆయన చెప్పిన లెక్క ఇది. నాటకంలో గాహకుడి (పద్యాలు పాడే ప్రధాన గాయకుడి) గొంతుకు ఒక మైకు, హార్మోనియానికి ఒకటి, మద్దెలకు ఒకటి, సన్నాయి లాంటి ముఖవీణకు ఒకటి. నాలుగు తీగలూ వచ్చి మిక్సర్‌లో పడతాయి. గాహకుడి మీట పైకి తోస్తే పద్యంలో ప్రతి అక్షరం చివరి వరుస దాకా వినిపిస్తుంది. మద్దెల పెంచితే హిరణ్యకశిపుడు అడుగేసినప్పుడు గుండెలో దడ పుడుతుంది, కానీ మాటలు కాస్త మరుగున పడతాయి. ముఖవీణ పెంచితే దూరపు ఊరికి కూడా వినిపించి జనం కదిలి వస్తారు, ముందు వరుస వాళ్లు మాత్రం చెవులు మూసుకుంటారు. వాయించినవాళ్లు మారలేదు, వాయించింది మారలేదు. మీటలు మారాయి, జనం విన్న నాటకం మారిపోయింది.

స్టూడియోలో జరిగేదీ ఇదే, కాకపోతే తీగలు పదులూ వందలూ ఉంటాయి. ప్రతి వాయిద్యాన్నీ, ప్రతి గొంతునూ విడివిడిగా రికార్డు చేసి పెట్టుకుంటారు. ఒక్కోదాన్ని ట్రాక్ అంటారు. ఏ ట్రాక్ ఎంత గట్టిగా ఉండాలి, ఎడమ చెవికా కుడి చెవికా, దగ్గరగా వినిపించాలా గుడి మండపంలోంచి వస్తున్నట్టు ఉండాలా, సన్న ధ్వనులు పైకి తేవాలా బరువు ధ్వనులా, ఇవన్నీ తేల్చి రెండు చానెళ్లలోకి దించడమే మిక్సింగ్. ఆ తర్వాత పాటలన్నీ ఒక తీరుగా వినిపించేలా చివరి మెరుగు పెట్టడం మాస్టరింగ్. రీమిక్స్ అని మన సినిమావాళ్లు వాడే మాట వేరు. పాత పాటకు కొత్త దరువు తగిలించి మార్చేయడం అది. ‘ఐ/ఓ’లో జరిగింది అది కాదు.

ఇక్కడ ఒకే సరుకును ఇద్దరికి ఇచ్చారు. బ్రైట్-సైడ్ చేసినవాడు మార్క్ స్పైక్ స్టెంట్. మడోనా లాంటి పెద్ద పాప్ తారలకు పనిచేసినవాడు. డార్క్-సైడ్ చాడ్ బ్లేక్‌ది. గాబ్రియెల్ 2002 ఆల్బమ్‌నూ మిక్స్ చేసింది ఈయనే, బ్లాక్ కీస్ లాంటి గరుకు శబ్దపు బృందాలతోనూ పనిచేశాడు. ఒకరు చిత్రకారుడి లాంటివాడు, ఒకరు శిల్పి లాంటివాడు అని గాబ్రియెల్ వీళ్లను పోల్చాడు. బొమ్మలో అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. శిల్పం చుట్టూ మాత్రం తిరగాలి. వినగా వినగా నాకూ ఆ పోలిక సరిపోయింది. బ్రైట్-సైడ్‌లో గొంతు ముందుకొచ్చి నిలబడుతుంది, అంచులు శుభ్రంగా ఉంటాయి. డార్క్-సైడ్‌లో వాయిద్యాల మధ్య ఖాళీ ఎక్కువ, కింది ధ్వనులకు (బేస్‌కు) బరువెక్కువ.

పేర్లు విని మా మేనల్లుడు ఒకటి ఆనందం సెట్టు, ఇంకోటి ఏడుపు సెట్టు అనుకున్నాడు. అది కాదు. పాటా అదే, పాడిన తీరూ అదే.

పుష్యం నుంచి కార్తీకం దాకా

ఆల్బమ్ ఒక్కరోజున రాలేదు. 2023లో ప్రతి పౌర్ణమికీ ఒక కొత్త పాట వదిలారు, అదే పాట రెండో మిక్స్‌ను అమావాస్యకు. మొదటి పాట ‘పనాప్టికామ్’ జనవరి 6న, అంటే పుష్య పౌర్ణమికి. చివరిది ‘లివ్ అండ్ లెట్ లివ్’ నవంబర్ 27న, కార్తీక పౌర్ణమికి. మన పంచాంగం తెలియని ఇంగ్లండ్ మనిషి మన పంచాంగాన్నే పట్టుకుని ఏడాదంతా నడిచాడన్నమాట.

ఇందులో సరదా సంగతి ఒకటుంది. పుష్యం నుంచి కార్తీకం దాకా మామూలుగా లెక్కపెడితే పదకొండు పౌర్ణములే. పాటలు పన్నెండు. ఎలా సరిపోయాయి? ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది కాబట్టి. ఆగస్టు 1న అధిక శ్రావణ పౌర్ణమి, నెలాఖరున నిజ శ్రావణ పౌర్ణమి, రెండింటికీ రెండు పాటలు. ఇంగ్లిష్‌వాళ్లు నెలలో రెండో పౌర్ణమిని బ్లూ మూన్ అంటారు. మా అమ్మ అయితే అధిక మాసంలో కొత్తవి మొదలెట్టకూడదంటుంది.

మాలాంటి సరిహద్దు ఇళ్లలో ఇది ఇంకాస్త కలిసొచ్చింది. తెలుగు లెక్కలో నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పండగల లెక్కలో పౌర్ణమితో. రెండు పంచాంగాలూ ఒకే గోడ మీద వేలాడే ఇంట్లో సగం తగువులు కృష్ణపక్షం ఏ నెలదన్న దాని మీదే. పౌర్ణమి దగ్గర మాత్రం ఇద్దరికీ ఒకటే పేరు. మార్చి పాట డోల పూర్ణిమకు వచ్చింది, జూన్ పాట జగన్నాథుడి స్నాన పూర్ణిమకు, అక్టోబర్ పాట కుమార పూర్ణిమకు. మే 5న వచ్చిన ‘ఫోర్ కైండ్స్ ఆఫ్ హార్సెస్’కు ప్రేరణ ఒక బౌద్ధ కథ. కొరడా నీడ చూసి కదిలే గుర్రం, దెబ్బ తగిలితే గానీ కదలని గుర్రం, ఇలా శిష్యులు నాలుగు రకాలని చెప్పే కథ. ఆ పాట వచ్చింది సరిగ్గా బుద్ధ పూర్ణిమ నాడు. అశోకుడి శాసనాలున్న జౌగడ మా జిల్లాలోనే కాబట్టి ఆ రోజు మా గుంపులో దాని గురించి కాస్త ఎక్కువే మాట్లాడుకున్నాం.

ఈ పద్ధతి శ్రోతల్ని రెండుగా చీల్చింది. నెల నెలా విన్నవాడికి ఒక్కో పాటతో పదిహేను రోజులు కాపురం. అమావాస్యకు రెండో మిక్స్ వచ్చేసరికి మొదటిది కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి తేడా ఇట్టే పట్టేస్తాడు. పాట నాటుకుపోతుంది. కానీ డిసెంబర్ 1న ఆల్బమ్ చేతికొచ్చేసరికి అందులో విననిది ఒక్కటీ లేదు. పెళ్లికి ముందే వంటలన్నీ రుచి చూసేసినట్టు. పైగా ఆ ఏడు మే నెల నుంచి యూరప్‌లో, తర్వాత అమెరికాలో జరిగిన కచేరీల్లో ఇంకా విడుదల కాని పాటలు కూడా పాడేశాడు.

డిసెంబర్‌లో మొదటిసారి విన్నవాడి కథ వేరు. దాదాపు 68 నిమిషాల సంగీతం ఒక్కసారిగా మీద పడింది. నిదానంగా నడిచే పాటలు ఎక్కువ, చాలావాటి నిడివీ ఎక్కువే. ‘బాగా లాగింది’ అని విసుక్కున్నవాళ్లలో ఎక్కువమంది ఇలా విన్నవాళ్లే అని నా అనుమానం. నెలకొకటిగా వింటే లాగినట్టు అనిపించని పాటే, పన్నెండింటి వరుసలో ఎనిమిదోదిగా వస్తే లాగినట్టు అనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరిది సరైన వినికిడి అంటే నా దగ్గర జవాబు లేదు. సీరియల్‌గా చదివిన నవలనూ, ఒక్కపట్టున చదివిన నవలనూ ఒకటే అనగలమా?

ఒకే పాట, మూడు పెట్టెలు

రెండు మిక్సులకూ తేడా ఏమీ లేదు, అంతా బిల్డప్ అనే వర్గం ఒకటుంది. ఇంకో వర్గం రాత్రికీ పగలుకీ ఉన్నంత తేడా అంటుంది. దీన్ని తేల్చడానికి ఆ ఆదివారం చిన్న ప్రయోగం చేశాం. ‘రోడ్ టు జాయ్’ ఎంచుకున్నాం. బేస్ గట్టిగా, నడక హుషారుగా ఉండే పాట.

మొదట మేనల్లుడి ఫోన్ స్పీకర్ మీద రెండు మిక్సులూ వరుసగా. “ఏటండీ, రెండూ ఒక్కలాగే ఉన్నాయి కదా!” అన్నాడు మైక్ సెట్ ఆయన. నిజమే, అక్కడ తేడా వినిపించదు. ఫోన్‌లో ఉండే గోరంత స్పీకర్ కింది స్థాయి ధ్వనుల్ని సరిగా పలికించలేదు. రెండు మిక్సుల తేడా చాలావరకు ఉన్నదే ఆ కింది ధ్వనుల్లో. తర్వాత తీగ ఉన్న ఇయర్‌ఫోన్స్. ఇప్పుడు వాయిద్యాలు ఎక్కడెక్కడ కూర్చున్నాయో తెలిసింది. చివరికి ఆయన గోడౌన్‌లోని రెండు పెద్ద బాక్సులకు కలిపాం. డార్క్-సైడ్ బేస్ మొదలవగానే అల్మారా మీది స్టీలు గ్లాసు గలగలమంది. బ్రైట్-సైడ్‌కు గ్లాసు ఊరుకుంది, గొంతు మాత్రం పక్కన కూర్చుని పాడినట్టు వచ్చింది.

కానీ అందులో ఒక మోసం ఉంది. దాన్ని కూడా ఆయనే పట్టుకున్నాడు. రెండోసారి పెట్టినప్పుడు మా బావగారు వాల్యూమ్ కొంచెం పెంచేశారు. అందరం రెండోదే బాగుందన్నాం. “గట్టిగా ఉన్నదే బాగున్నట్టు ఉంటాది. రెండూ ఒక మట్టానికి తెచ్చి అప్పుడు చెప్పండి” అన్నాడాయన. ఇది స్టూడియోల్లో అందరికీ తెలిసిన సంగతి. ఒకే పాటను రవ్వంత గట్టిగా వినిపిస్తే అదే నాణ్యంగా ఉందని చెవి పొరబడుతుంది. స్ట్రీమింగ్ యాప్‌లు పాటలన్నిటినీ దాదాపు ఒకే శబ్ద స్థాయికి తెచ్చే ఏర్పాటు పెట్టుకున్నది కొంతవరకు ఇందుకే. సీడీ మీదో, ఆ సెట్టింగ్ ఆఫ్ చేసిన యాప్ మీదో పోల్చేవాళ్లు ఈ జాగ్రత్త సొంతంగా పడాలి.

ఇంకో సంగతి 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. శబ్దం తగ్గించే కొద్దీ మన చెవికి కింది ధ్వనులు మిగతావాటికంటే ముందే పలచబడతాయి. అర్ధరాత్రి ఇంట్లోవాళ్లు లేస్తారని చిన్నగా పెట్టుకుని విన్నవాడికి డార్క్-సైడ్ చప్పగా ఉండటంలో వింత లేదు. అదే మనిషి హైవే మీద కారులో గట్టిగా పెట్టుకుంటే మాట మార్చేస్తాడు. ‘ఈ మిక్స్ బాగుంది, ఆ మిక్స్ బాలేదు’ అనేవాళ్లను ముందు అడగాల్సింది దేని మీద విన్నారు, ఎంత గట్టిగా విన్నారు అని.

రెండూ ఇవ్వడం ఉదారతా, తేల్చుకోలేకపోవడమా

పెట్టెల గొడవ తీరాక అసలు వాదన మొదలవుతుంది.

ఒక పక్షం ఇలా అంటుంది: కళాకారుడి పనే ఎంచుకోవడం. వందసార్లు రాసి ఒకటి ఉంచుతాడు. రెండు మిక్సులూ నచ్చాయి కాబట్టి రెండూ ఇచ్చేస్తానంటే భారం శ్రోత నెత్తిన పెట్టినట్టు. 21 ఏళ్లు తీసుకుని కూడా ఏది ఉంచాలో తేల్చలేదంటే అది ఉదారత కాదు, నసుగుడు. డబ్బు సంగతీ ఉంది. ఒకే పాటల్ని రెండు డిస్కులుగా అమ్మితే ఖర్చు పెరిగేది కొనేవాడికే.

రెండో పక్షం: అసలు తుది రూపం అన్నదే రికార్డింగ్ వచ్చాక పుట్టిన అలవాటు. ఒక కీర్తనను పదిమంది పది రకాలుగా పాడతారు, ఏది అసలుదని ఎవరూ పోట్లాడరు. పాటను ఒక రాయిలా కాకుండా వెలుగును బట్టి మారే వస్తువులా చూపించాడు, అందులో తప్పేముంది?

నాకు రెండో వాదన మీద మొగ్గు ఎక్కువే. అయినా మొదటివాళ్ల మాట కొట్టిపారేయలేను. కొన్ని పాటల్లో, ముఖ్యంగా పియానో మీద నడిచే నెమ్మది పాటల్లో, తేడా అంత తక్కువ ఉంది కాబట్టి రెండుసార్లు ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. ‘ప్లేయింగ్ ఫర్ టైమ్’ రెండు రూపాల్నీ మట్టం సరిచేసి, కళ్లు మూయించి వినిపిస్తే మా ఇంట్లో ఎవరం సరిగ్గా చెప్పలేకపోయాం. ‘రోడ్ టు జాయ్’ను మాత్రం మా మేనల్లుడి చెల్లెలు కూడా ఇట్టే పట్టేసింది. పట్టించింది ఆ స్టీలు గ్లాసే అని తర్వాత ఒప్పుకుంది.

పాత కొలతతో కొత్త పాట

వయసు మీరిన గాయకుడి ఆల్బమ్ ఏదైనా రెండు తక్కెడల్లో తూగాలి. ‘1986లో పాడినట్టు ఉందా’ అన్నది ఒక తక్కెడ. ‘73 ఏళ్ల మనిషి పాడవలసినట్టు ఉందా’ అన్నది ఇంకోటి. మొదటి దాంట్లో తూచేవాళ్లకు ‘రోడ్ టు జాయ్’, ‘ఆలివ్ ట్రీ’ నచ్చుతాయి. ‘సో’ నాటి హుషారు వాటిలో ఉంది. మిగతావి వాళ్లకు నీరసం. రెండో దాంట్లో తూచేవాళ్లకు కాలం గడిచిపోవడం గురించిన ‘ప్లేయింగ్ ఫర్ టైమ్’, పోయిన తల్లిని తలుచుకునే ‘అండ్ స్టిల్’ ప్రాణం.

గొంతు సంగతిలో మాత్రం పెద్ద తగువు లేదు. నిలిచిందనే అందరి మాట. మన కచేరీ గాయకులు వయసు పైబడితే శ్రుతి తగ్గించుకుంటారు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, మంద్రంలో కొత్త నిండుదనం వచ్చిందని మెచ్చుకుంటారు కూడా. ఈయన గొంతులోని ఆ గరుకుదనం పాతికేళ్ల వయసులోనే ఉంది కాబట్టి ముసలితనం వచ్చి చేరినా పెద్దగా తెలియలేదని మా బావగారి సిద్ధాంతం. నాకు సబబుగానే తోచింది.

మాటలు తెలిసినవాళ్లూ, తెలియనివాళ్లూ

పెట్టెలూ మిక్సులూ విడదీశాక కూడా మిగిలే తగువు పాటల మాటల మీద.

‘పనాప్టికామ్’నే తీసుకుందాం. జెరెమీ బెంథామ్ అనే ఇంగ్లిష్ ఆలోచనాపరుడు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఒక జైలు నమూనా వేశాడు. నడిమధ్యన బురుజు, చుట్టూ గుండ్రంగా గదులు. బురుజులోని కాపలావాడికి ఖైదీలంతా కనిపిస్తారు, వాళ్లకు మాత్రం అతను కనిపించడు. దాని పేరు పనాప్టికన్. గాబ్రియెల్ దాన్ని తిరగేశాడు. అధికారంలో ఉన్నవాళ్లు జనాన్ని చూడటం కాదు, జనమే వాళ్లను చూడగలగాలి అని. ఊరికే అన్నమాట కాదు ఇది. అన్యాయాల్ని వీడియోలో పట్టి చూపించే విట్‌నెస్ అనే సంస్థను 1992లో మొదలుపెట్టినవాళ్లలో ఆయనొకడు. ‘ది కోర్ట్’ న్యాయవ్యవస్థ గురించి. చివరి పాట క్షమించడం గురించి.

మాటలు అర్థమయ్యేవాళ్లలో కొందరికి ఇదంతా ఉపన్యాసంలా తోస్తుంది. ‘ప్రేమ నయం చేస్తుంది’ అని ఒక పాట పేరులోనే చెప్పేస్తే ఇక పాడటానికేం మిగిలింది అంటారు. పాతరోజుల్లో ఈయన మాటల్లో చీకటి ఉండేది, మెలిక ఉండేది, ఇప్పుడు అన్నీ విప్పి చెప్పేస్తున్నాడని వాళ్ల బాధ. అవతలివాళ్లేమో డెబ్బై దాటినవాడు మెలికలు పెట్టుకుంటూ కూర్చోవాల్సిన పనిలేదంటారు. అనుకున్నది సూటిగా చెప్పే హక్కు ఆ వయసు ఇస్తుందని వాళ్ల వాదన. ఇది మిక్స్ మార్చితే తీరే తగువు కాదు. కవిత్వం గురించి ఒకరి లెక్క ఏదో అదే ఇక్కడా బయటపడుతుంది. నాకైతే కొన్ని పాటల్లో మొదటివాళ్లదే నిజం అనిపిస్తుంది. ‘అండ్ స్టిల్’ దగ్గర మాత్రం వాళ్ల మాట నిలవదు.

ఈ తగువులో మైక్ సెట్ ఆయన ఏ పక్షమూ కాదు. ఆయనకు మాటలు రావు. కానీ మా ప్రాంతంలో అది లోటు కాదు. బరంపురంలో ఒడియావాళ్లు తెలుగు సినిమా పాటలు మాట తెలియకుండానే తప్పులేకుండా పాడతారు. మేం ఒడియా భజనలకు సగం అర్థం చేసుకుని సగం ఊహించుకుని తాళం వేస్తాం. చిన్నప్పటి నుంచి అర్థమైన సగంతోనే పాటను పూర్తిగా ఇష్టపడటం నేర్చుకున్నవాళ్లం. ఆయన ‘అండ్ స్టిల్’ విని, తీగవాయిద్యాలు మొదలయ్యే చోట మీట మీద చెయ్యి తీసేసి, “ఇది ఎవరో పోయినవాళ్ల పాట” అన్నాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకు.

గ్రామీ తేల్చిందేంటి

అమ్మకాల్లో ఆల్బమ్ బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరింది. ఆయనకు అది మూడోసారి, అంతకుముందు 1980లోనూ 1986లోనూ. 2025 ఫిబ్రవరిలో గ్రామీలూ వచ్చాయి: ఒకటి శబ్దపు ఇంజినీరింగ్‌కు, ఒకటి మూడో మిక్స్‌కు. అవును, మూడోది కూడా ఉంది. దాని పేరు ఇన్-సైడ్ మిక్స్, చేసినవాడు హాన్స్-మార్టిన్ బఫ్. చుట్టూ, తల పైనా స్పీకర్లు ఉన్నట్టు వినిపించే అట్మాస్ పద్ధతిది. ‘చూశారా, గ్రామీ వచ్చింది, గొప్ప ఆల్బమే’ అనేవాళ్లకు ఒక్క మాట. ఆ రెండు బహుమతులూ శబ్దాన్ని మలిచిన పనికి వచ్చినవి. పాటలు గొప్పవా కాదా అన్న తగువును అవి ముట్టుకోలేదు.

మేనల్లుడి జాబితా

ఆ రాత్రి మా మేనల్లుడు ఇరవై నాలుగు వరుసల్లోంచి తనకు నచ్చిన పన్నెండు తీసి సొంత జాబితా కట్టుకున్నాడు. పాటకొకటి, ఏదో ఒక మిక్స్. ఏడు బ్రైట్-సైడ్, ఐదు డార్క్-సైడ్ వచ్చాయి. నెమ్మది పాటలన్నిటికీ బ్రైట్ తీసుకున్నాడు, దరువు పాటలకు డార్క్. మైక్ సెట్ ఆయన కూడా వేళ్ల మీద తనది చెప్పాడు. ఒక్కటి తప్ప అంతా కలిసింది. ‘రోడ్ టు జాయ్’ దగ్గర ఆయన బ్రైట్-సైడ్ అన్నాడు.

“అదేంటన్నా, నువ్వే కదా బేస్ బాగుందని బాక్సుల మీద పెట్టించావు!” అన్నాడు వీడు.

“బేస్ బాగుంది బాబూ. అందులో గొంతు ఏదీ మరి? గాహకుడు వినపడకపోతే నాటకం ఆడించినోడు నాకు డబ్బులివ్వడు.”

ఇద్దరూ ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ అదే పాట పెట్టాలట. గ్లాసు తీసేసి.